ఎర్రసిరా కలం ఎవరి చేతిలో ఉంది?

 

ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ మాస్టారు అనే అంటాను. ఆయన్ని పేరు పెట్టి పిలిచిన అలవాటు ఇక్కడెవరికీ లేదు. జిల్లా పరిషత్తు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం ఎలా ఉంటుందో పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. టైంటేబుల్లో ఆయనకు వారానికి రెండు పీరియడ్లు. పరీక్షలు దగ్గరపడితే ఆ రెండూ లెక్కల మాస్టారు పట్టుకుపోయేవారు. ప్రోగ్రెస్ కార్డులో డ్రాయింగ్ మార్కు ఎవరూ చూసేవారు కాదు. చూడకపోవడమే తన అదృష్టమని మాస్టారు నవ్వేవారు. మార్కుల గొడవ లేని చోట పిల్లవాణ్ణి తీరిగ్గా చూడొచ్చునట. తెలుగు డిక్టేషన్లో సున్నా తెచ్చుకుని గోడకుర్చీ వేసినవాళ్లనే ఏరి, వార్షికోత్సవానికి నాటకం తెరలు రాయించేవారు. "మొద్దులందర్నీ మీరే చేరదీశారేమిటండీ" అని స్టాఫ్ రూములో ఎవరో ఎకసెక్కమాడితే, "మొద్దో కాదో కొలిచే బద్ద మీ దగ్గరుంది, నా దగ్గర లేదు" అన్నారని మా బ్యాచ్‌లో చెప్పుకునేవాళ్లం.

విషయం మీ ఇష్టమని నిర్వాహకులు అన్నప్పుడు ఆ గోడకుర్చీల వరసే నాకు గుర్తుకొచ్చింది. వాళ్లలో కొందరికి ఉన్నది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడం పట్టుబడని ఇబ్బంది, అయి ఉండవచ్చు. ఆ మాట అప్పుడు మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇవాళ మాట తెలుసు, వాళ్లు మొద్దులన్న అభిప్రాయం మాత్రం పెద్దగా మారలేదు. దాన్ని మార్చడానికి ఇంటరాక్టివ్ ఆర్ట్, అంటే చూసేవాడు తానూ చెయ్యి పెడితే తప్ప పూర్తికాని కళ, ఏం చేసింది, ఏం చెయ్యగలదు? నేను బొమ్మలు నేర్పే మనిషిని, డాక్టర్ని కాను. కాబట్టి కళ వైపు నుంచే మాట్లాడతాను. నా వాదన ఒక్కటే, ముందే చెప్పేస్తాను. ఇప్పటిదాకా వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం ప్రేక్షకుణ్ణి పిల్లవాడి బెంచీ మీద కూర్చోబెట్టాయి. అతన్ని టీచరు కుర్చీలో కూర్చోబెట్టాలి.

1. కంటి మీద నేరం మోపిన చరిత్ర

1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక చిన్న వ్యాసం రాశాడు. పద్నాలుగేళ్ల పెర్సీ అనే కుర్రవాడి సంగతి అది. తెలివైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు. ఏడో ఏటి నుంచీ చదువు చెప్పిస్తూనే ఉన్నారు, చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. తన పేరు రాయమంటే అక్షరాలు అటూ ఇటూ చేసి 'ప్రెసీ' అని రాశాడు. ఎవరో చూపించేదాకా తప్పు పోల్చుకోలేదు. అదే కుర్రవాడు బీజగణితం లెక్క తప్పులేకుండా చేశాడు. చదువంతా నోటి మీదుగానే సాగితే బడిలో ఇతన్ని మించినవాడు ఉండడని అతని మాస్టారు అన్న సంగతి కూడా డాక్టరు వ్యాసంలో చేర్చాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ మాస్టారు చెప్పినదాని కంటే పనికొచ్చే మాట ఈ విషయంలో నాకు ఎక్కువ కనబడలేదు. అయితే వైద్యులు పట్టుకున్నది ఆ మాటను కాదు, కంటిని.

మోర్గన్‌కు ముందు దారి వేసిన గ్లాస్గో డాక్టరు జేమ్స్ హిన్షెల్‌వుడ్ కంటి శస్త్రవైద్యుడు. ఆ తరం దీన్ని పుట్టుకతో వచ్చిన 'పద అంధత్వం' అని పిలిచింది. 1925లో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే నాడీవైద్యుడు, మెదడు రెండు భాగాల్లోనూ అక్షరం బొమ్మ పడి, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా పోటీ పడుతుందని ఊహించాడు. పిల్లలు అక్షరాలు తిరగేసి చూస్తారన్న నమ్మకం అక్కణ్ణుంచే గట్టిపడి, ఇవాళ్టికీ వాట్సాప్‌లో తిరుగుతోంది.

1970లలో ఫ్రాంక్ వెల్యుటినో అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని చాలా తేలిగ్గా పరీక్షించాడు. బాగా చదివే పిల్లలకూ, చదవలేని పిల్లలకూ ఇద్దరికీ రాని హీబ్రూ అక్షరాలు చూపించి, గుర్తున్నంత రాయమన్నాడు. ఇద్దరూ సమానంగానే రాశారు. కన్ను తిరగేసి చూస్తుంటే హీబ్రూనూ తిరగెయ్యాలి కదా! తేడా వచ్చేది అక్షరానికి ధ్వనిని ముడిపెట్టాల్సి వచ్చినప్పుడే. ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు నిలబడి ఉన్నది ఇక్కడే. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలో, వాటిని గుర్తులతో త్వరగా జతచెయ్యడంలో ఇబ్బంది. తెలివితో దానికి సంబంధం లేదు.

ఇది ఇంగ్లీషు వాళ్ల జబ్బనుకునేవారు ఇంకా ఉన్నారు. మన లిపి పలికినట్టే రాస్తాం కాబట్టి మనకు రాదని వాళ్ల వాదన. విద్యార్థులు ఒక కాగితం తీసి 'స్త్రీ' అని రాయండి. చెవికి వినపడే వరస స, త, ర, ఆ తరవాత దీర్ఘం. కంటికి కనపడే వరస చూడండి. గుడిదీర్ఘం 'స' నెత్తి మీద ముందే ఎక్కి కూర్చుంది. త ఒత్తు, ర ఒత్తు కిందికి దిగాయి. పలకడంలో అందరికంటే చివర వచ్చేది రాతలో అందరికంటే పైన ఉంది. మనం ఏ అయిదో క్లాసుకో ఇదంతా మింగేసి మరిచిపోయాం. గుణింతాలూ ఒత్తులూ కలిసి వందల రూపాలు. అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి మన భాషల పిల్లలకు నాలుగైదేళ్లు పడుతుందని కన్నడం మీద పనిచేసిన పరిశోధకురాలు సోనాలి నాగ్ చూపించారు. మన ఉస్మానియాలో దుగ్గిరాల వసంతగారు తెలుగు పిల్లల చదువు మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. ధ్వనితో తంటా పడే పిల్లవాడికి ఈ లిపిలో పని తగ్గదు, రూపం మారుతుందంతే.

2. గంతులేసే అక్షరాలు

ఇక కళ సంగతికి వస్తాను. 2016లో విక్టర్ విడెల్ అనే స్వీడన్ ప్రోగ్రామరు ఒక వెబ్ పేజీ చేశాడు. డిస్లెక్సియా ఉన్న స్నేహితురాలు తనకు చదవడం ఎలా ఉంటుందో చెప్పిందట, దాన్ని తెర మీద పెట్టాడు. పేజీ తెరిస్తే మామూలు పేరాలే. కానీ ప్రతి మాటలోనూ మొదటి, చివరి అక్షరాలు కదలవు, మధ్యవి ఎడతెరిపి లేకుండా చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. చదవొచ్చు, నిజానికి బాగానే చదవొచ్చు. కాకపోతే పట్టుకున్న మాట చేతిలో ఉండదు, మూడో లైనుకు వచ్చేసరికి విసుగు పుడుతుంది. ప్రపంచమంతా ఆ పేజీని చూసింది.

అంతకు ముందే లండన్‌లో డేనియల్ బ్రిటన్ అనే డిజైన్ విద్యార్థి మరో దారి పట్టాడు. అతనికే డిస్లెక్సియా ఉంది. ప్రతి అక్షరంలోనూ సుమారు 40 శాతం గీతల్ని చెరిపేసి ఒక టైప్‌ఫేస్ తయారుచేశాడు. అక్షరం ఎగరదు, దూకదు. ఉన్న ముక్కల్ని చూసి లేనివి ఊహించుకోవాలి. చదివే వేగం పడిపోతుంది. పోస్టరు ముందు నిలబడ్డవాడు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటాడు, చిన్నప్పుడు పలక మీద చేసినట్టు.

నా దృష్టిలో రెండోది మెరుగైన పని. తనకు అక్షరాలు ఇలాగే కనిపిస్తాయని బ్రిటన్ అనలేదు. చదవడానికి పట్టే కాలాన్ని, వచ్చే సిగ్గును మీకు రుచి చూపిస్తానన్నాడు. విడెల్ పేజీని చూసినవాళ్లు మాత్రం 'అయ్యో, వాళ్లకు అక్షరాలు ఇలా కదులుతాయన్నమాట' అనుకుని వెళ్లారు. డిస్లెక్సియా ఉన్నవారిలో అక్షరాలు కదిలినట్టు అనిపిస్తుందనేవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్ల అనుభవాన్ని నేను కాదనను. కానీ ఆ ఒక్క బొమ్మే అందరికీ అంటుకుంది. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలోనూ అక్షరాలు పురుగుల్లా పాకాయి. మన దేశంలో ఇంటింటికీ ఈ మాటను చేర్చిన సినిమా అది, ఆ రుణం కాదనలేం. అందులో దారి చూపేది డ్రాయింగ్ మాస్టారే కూడా! కానీ చివర పిల్లవాడు చిత్రలేఖనం పోటీలో గెలవాల్సి వచ్చింది. గెలవకపోతే? బొమ్మలూ రాక చదువూ రాని పిల్లవాడు కూడా ఉంటాడు. వాడి కోసం సినిమా తియ్యడం కష్టం. ఐన్‌స్టీన్ కూడా ఇలాంటివాడేనని చెప్పే జాబితాలకూ ఇదే జబ్బు. ఆ జాబితాల్లో చాలా పేర్లకు గట్టి ఆధారం లేదన్నది పక్కన పెట్టినా, మేధావి కాని పిల్లవాణ్ణి అవి మళ్లీ గోడకుర్చీలోనే వదిలేస్తాయి.

తప్పు కంటిది అనుకుంటే మందు కూడా కంటికే వెతుకుతాం. 2008లో నెదర్లాండ్స్‌లో క్రిస్టియాన్ బూర్ తన చదువు చివర్లో డిస్లెక్సీ అనే ఫాంటు చేశాడు. అక్షరాలు తిరగబడకుండా అడుగున బరువు పెట్టాడు. డిజైనుగా ముచ్చటైనది, నేను క్లాసులో చూపిస్తుంటాను. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో మాత్రం ఆ ఫాంటు వల్ల పిల్లల చదువు వేగంలోగానీ తప్పుల్లోగానీ మెరుగుదల కనబడలేదు. ధ్వని దగ్గర ఉన్న చిక్కుకు అక్షరం ఆకారం దగ్గర ముడి విప్పాలని చూస్తే ఇంతకంటే ఏం జరుగుతుంది?

3. ఒక్క నిమిషం అనుభవం

అనుభవం కలిగిస్తే సానుభూతి కలుగుతుందని మనం గుడ్డిగా నమ్ముతాం. 2015లో ఏరియల్ సిల్వర్‌మన్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఆమెకు స్వయంగా చూపు లేదు. మామూలు విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి పనులు చెయ్యమన్నారు. తరవాత అడిగితే, గంతలు కట్టుకున్నవాళ్లే చూపులేనివాళ్లు ఉద్యోగం చెయ్యలేరనీ, ఒంటరిగా బతకలేరనీ ఎక్కువగా అనుకున్నారు. వాళ్లకు తెలిసింది చూపు పోయిన మొదటి నిమిషపు గాభరా. ఏళ్ల తరబడి సంపాదించుకున్న నేర్పు తెలియలేదు. ఈత రానివాణ్ణి నీళ్లలోకి తోసి, చేప బతుకు ఎలా ఉంటుందో తెలిసిందా అని అడిగినట్టుంది.

విడెల్ పేజీకీ ఇదే ప్రమాదం ఉంది. అరనిమిషం చూసి 'పాపం' అనుకుంటాం. పాపం అనుకున్నవాడికి పెద్ద పని అప్పగించం.

దీనికి విరుగుడు కూడా ఉంది. 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకే మొదలుపెట్టిన 'డైలాగ్ ఇన్ ద డార్క్' మీలో కొందరు చూసి ఉంటారు. మన హైదరాబాదులో ఇనార్బిట్ మాల్‌లో కూడా పెట్టారు. చిమ్మచీకటి గదుల్లో బజారు, తోట. చెయ్యి పట్టుకుని నడిపించేది చూపులేని మనిషి. గంతల ప్రయోగంలో నువ్వొక్కడివే తడుముకుంటావు. ఇక్కడ నువ్వు తడుముకుంటుంటే పక్కనున్నాయన హాయిగా నడుస్తుంటాడు. నేర్పు ఎవరిదో క్షణంలో తెలిసిపోతుంది. కాబట్టి మొదటి సూత్రం చెప్పుకోవచ్చు. డిస్లెక్సియా మీద ఏ కళాకృతి చేసినా దాన్ని నడిపించే అధికారం డిస్లెక్సియా ఉన్న మనిషి చేతిలో ఉండాలి.

4. ఆవు బొమ్మ

1989లో అమెరికా పబ్లిక్ టెలివిజన్లో ఒక వర్క్‌షాప్ వచ్చింది. రిచర్డ్ లావోయ్ అనే టీచరు తల్లిదండ్రుల్నీ ఉపాధ్యాయుల్నీ మనస్తత్వ నిపుణుల్నీ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. పేరు ఎఫ్.ఎ.టి. సిటీ. విసుగు, ఆందోళన, ఒత్తిడి అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. దాన్ని ఎవరూ కళ అనలేదు. నేను అంటాను.

గుర్తుపట్టవలసిన ఒక నలుపు తెలుపు ఫోటో చూపిస్తాడు. మచ్చలు తప్ప ఏమీ కనపడదు. ఎవరూ చెప్పలేకపోతారు. అప్పుడతను మనందరికీ తెలిసిన టీచరు అయిపోతాడు. ఇంకొంచెం శ్రద్ధగా చూడండి అంటాడు. చెప్పినవాళ్లకు బహుమతి అంటాడు. బెదిరిస్తాడు. మీకు ఇష్టం లేదు, అదీ అసలు సంగతి అంటాడు. పెద్ద పెద్ద ఉద్యోగస్థులు తలలు దించుకుంటారు. చివరికి గీత గీసి చూపిస్తే అది ఆవు మొహం. ఒకసారి కనపడ్డాక మళ్లీ కనపడకుండా చెయ్యడం ఎవరి వల్లా కాదు. బహుమతి ఇస్తానన్నా ఆవు కనపడలేదు, తిట్టినా కనపడలేదు. లేనిది శ్రద్ధ కాదని అక్కడ ఎవరికీ వివరించి చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడ లావోయ్ అక్షరాల జోలికి పోలేదు. డిస్లెక్సియా లోపలి నుంచి ఎలా ఉంటుందో చూపిస్తానని కూడా అనలేదు. ఆ పిల్లవాడి చుట్టూ ఉన్న మనుషులు ఎలా ఉంటారో చూపించాడు. గట్టిగా చదువు అని పదిమందిలో నిలబెట్టడం, పక్క బెంచీ నవ్వు, తెలిసిన జవాబు నోట్లోకి వచ్చేలోపే టీచరు మరొకరి వైపు తిరగడం, ఇవి అందరికీ కనిపించేవి, మనం మార్చగలిగినవి. మరొకరి మెదడులో అక్షరం ఎలా ఉందో నేను ఎన్నటికీ చూడలేను. నా నోటి నుంచి 'మొద్దు' అనే మాట వచ్చిన క్షణాన్ని చూడగలను.

అయినా లావోయ్ దగ్గరా ఒక లోటుంది. టీచరు వేషం అతనే వేశాడు. వచ్చినవాళ్లు బాధితులుగానే ఉండి వెళ్లారు. బాధితుడిగా ఉన్నవాడికి, ఇంటికెళ్లాక తానే ఆ టీచరన్న సంగతి గుర్తుంటుందని నమ్మకం ఏమిటి?

5. పృచ్ఛకుడి వరస

సాహిత్యం వాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. ప్రేక్షకుడు చెయ్యి పెట్టే కళ మనకు స్వీడన్ నుంచి దిగుమతి కాలేదు. అవధానం అంతకంటే ఏమిటి? అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు, అంటే సభలో ప్రశ్న వేసేవాడు, ఒక్కొక్క అక్షరానికీ అడ్డం పడతాడు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి, పదకొండోది ఇది, మూడోది ఇది అని మధ్యమధ్య విసురుతాడు. ఏదో మాట్లాడి పరధ్యానం కలిగించడానికి అప్రస్తుత ప్రసంగమని ప్రత్యేకంగా మరో పృచ్ఛకుడు. అక్షరాలు చెదిరిపోవడం, లెక్కపెట్టమని కొట్టే గంటల చప్పుడు, పరధ్యానం, గడువు అన్నీ ఉన్నాయి. అయినా అవధాని మొద్దని ఎవరూ అనుకోరు. అడ్డంకి పెడుతున్నది ఎవరో సభకంతటికీ కనపడుతోంది కాబట్టి. తిరుపతి వేంకట కవుల్ని జనం నెత్తిన పెట్టుకున్నారంటే, పద్యంతో పాటు ఆ అడ్డంకులనూ చూశారు కాబట్టే.

క్లాసులో పృచ్ఛకుడు కనపడడు. అతన్ని కనపడేలా చెయ్యడమే ఇంటరాక్టివ్ ఆర్ట్ పని అని నా అభిప్రాయం.

నా బుర్రలో ఉన్న గదిని వర్ణిస్తాను. ఇంకా కాగితం మీదే ఉంది. ఒక టేబులు, టీచరు కుర్చీ, గోడ గడియారం, ఎర్రసిరా కలం. టేబులు మీద ఒక జవాబు పత్రం. ప్రశ్న, 'మీ ఊరి చెరువు గురించి రాయండి.' పది మార్కులు. జవాబు ఇలా ఉంటుంది: 'మ ఊరి చరువు పెదది. గటు మిద మరిచేటు ఉది.' అంతే. వచ్చినవారు కూర్చుని మార్కు వెయ్యాలి. గడియారం నడుస్తుంటుంది, పక్కన ఇంకా దిద్దాల్సిన కట్ట ఉంటుంది. మార్కు వేసి కింద గీత గియ్యగానే హెడ్‌ఫోన్‌లో ఒక గొంతు మొదలవుతుంది. అదే ప్రశ్నకు నోటి జవాబు. మర్రి ఊడలు పట్టుకుని నీళ్లలోకి దూకడం, వానాకాలంలో తూము దగ్గర చేపలు ఎదురెక్కడం, ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే పాత బావి ఒర బయటపడడం, ఆ బావి గురించి నాయనమ్మ చెప్పిన సంగతి. మూడు నిమిషాలు ఆగకుండా. వాడు తెలిసిందంతా రాయలేదు, రాయగలిగిన మాటలే రాశాడు. ఒత్తులు పెట్టాల్సిన మాటలు వదిలేసి, చెరువును రెండు వాక్యాలకు కుదించుకున్నాడు.

బయటి గోడ మీద అందరూ వేసిన మార్కులు ఉంటాయి, పేర్లు ఉండవు. మనిషిని నిలబెట్టి పరువు తియ్యడం మన ఉద్దేశం కాదు, అది బళ్లో చాలినంత జరుగుతోంది. పత్రం రాసేదీ గొంతు ఇచ్చేదీ డిస్లెక్సియా ఉన్న పెద్దవాళ్లు, తమ చిన్నతనాన్ని గుర్తుచేసుకుని, తగిన పారితోషికం తీసుకుని. ఏ పిల్లవాడి అసలు నోటుబుక్కూ ప్రదర్శనకు పెట్టకూడదు. బయట కుర్చీలో కూర్చుని వచ్చినవారితో మాట్లాడేది కూడా వాళ్లే.

మిత్రులతో వాదన ఒక దగ్గర ఆగిపోయింది. గొంతు విన్నాక మార్కు మార్చే అవకాశం ఇవ్వాలా? ఇస్తే మనసు తేలికపడి వెళ్లిపోతారని ఒకరు, ఇవ్వకపోతే అది ఉచ్చు బిగించినట్టవుతుందని మరొకరు. నేను మధ్యస్థంగా ఉన్నాను. కలం ఇద్దాం, రబ్బరు ఇవ్వొద్దు. పాత మార్కు పక్కనే కొత్తది వెయ్యాలి. రెండూ గోడ మీదికి ఎక్కాలి.

ఇంకో సంగతి, చట్టం ఇప్పుడు మన వైపే ఉంది. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను అందులో చేర్చింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఇవి అడిగి తీసుకునేవి అయ్యాయి. మన భాషల్లోనే పరీక్షించడానికి నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 'డాలి' అనే సాధనాన్ని 2015లో తెచ్చారు, మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో. కాగితం మీద హక్కు ఉన్నా, అడిగిన తల్లిని 'మీవాడికి బద్ధకమండీ, సర్టిఫికెట్టు దేనికి' అనే మనిషి టేబులు అవతల కూర్చుని ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. నా గది ఆ మనిషి కోసం. కాబట్టి ఆర్ట్ గ్యాలరీలో పెట్టను. ఉపాధ్యాయుల శిక్షణ జరిగే చోట, స్పాట్ వాల్యుయేషన్ కేంద్రం పక్క గదిలో పెట్టాలి. ఫలితాన్ని చప్పట్లతో కొలవకూడదు. మూడు నెలలు పోయాక ఆ టీచర్ల దగ్గరికి వెళ్లి, ఈ మధ్య ఎవరి జవాబైనా నోటితో విన్నారా అని అడగాలి. లేదంటే గది పనిచెయ్యలేదని ఒప్పుకుని విప్పేసి, వేరేది కట్టాలి.

ఖర్చు ఎంతవుతుందని అధ్యక్షులవారు ఇందాక టీ దగ్గర అడిగారు. టేబులు, కుర్చీ, గడియారం ఏ బళ్లోనైనా ఉంటాయి. డబ్బంతా గొంతు ఇచ్చేవాళ్లకే ఇవ్వాలి.

 ప్రశ్నలు చీటీల మీద రాసి పంపమని ఇందాక ప్రకటించారు. నోటితో అడిగినా చెబుతాను.